కాల్చని స్తంభం

మా అక్క వీపు ఆనించి కూర్చునే స్తంభం పందిట్లో మిగిలిన మూడింటికంటే అందంగా ఉండేది. అది టేకు. ఆళ్లగడ్డ దగ్గర మా పాత ఇంటి వసారాలో నాలుగు తరాలను చూసిన స్తంభం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కొన్నవాళ్ళు పడగొట్టి కల్యాణ మండపం కట్టుకున్నారు. పడగొట్టేముందు వెళ్ళి ఒక్క స్తంభం అడిగాను. ఊరికే తీసుకుపొమ్మన్నారు. ఊరికే తీసుకోవడం మా ఇంట లేదు. మా నాయన పడక్కుర్చీ వాళ్ళకిచ్చి, స్తంభాన్ని లారీ మీద నంద్యాలకు తెచ్చుకున్నాను.

నంద్యాలలో మాది కుందూ వైపు చిన్న ఇల్లు. బావ పోయాక అక్క నా దగ్గరే ఉంటోంది. ఏదీ అడగని మనిషి, పెరట్లో సొరపాదుకు పందిరి కావాలని అడిగింది. ఆళ్లగడ్డ నుంచి ఒక వడ్రంగిని పిలిపించాను. అతని తాత మా తాతను అయ్యా అని పిలిచేవాడు. ఇతను నన్ను అన్నా అన్నాడు. నేను దిద్దలేదు.

పని తెలిసినవాడు. మూడు స్తంభాలకు సండ్ర కట్టె ఎంచాడు. ఒక్కొక్కదాని కోసిన మొహం నాకు చూపించి, అంచున ఉన్న తెల్లటి వలయాన్ని గోటితో గీరాడు.

"మట్టిలో నిలబడేది ఈ లోపలి ఎర్ర చేవేనన్నా. బయట తెల్లదంతా చెదలకు కూడు."

తెల్లదంతా చెక్కేసి, అడుగు భాగాన్ని నిప్పుల మీద తిప్పుతూ నల్లగా కాల్చాడు. మట్టిలోకి పోయేదానికంటే ఒక జానెడు పైకే కాల్చాడు. నేల, గాలి కలిసే చోటే కట్టెకు రోగం మొదలవుతుందట. కాల్చినదానికి వేడి తారు పూశాడు. గుంతలో కంకర పోశాడు. పైకొసలకు రేకు టోపీలు పెట్టాడు. తరువాత టేకు స్తంభం దగ్గరికి వచ్చాడు.

"ఇది యాడ నిలబడిండేది?"

"వసారాలో."

"రాతి దిమ్మె మీదనా?"

"అవును."

"అదీ కత! నూరేండ్లు కాళ్ళు తడవని దొర ఇది. ఇప్పుడు తీసకపోయి నల్లరేగట్లో దించుతాండావు. దీన్ని అందరికంటే బాగా కాల్చాల."

"మా ఇంటి స్తంభానికి నిప్పు పెట్టేది లేదు" అన్నాను.

అతను తారు డబ్బా కింద పెట్టాడు. "నీ ఇష్టం. దూలం బరువంతా దీనిమీదే. పడితే కింద ఎవరుంటే వాళ్ళమీదే. నేను చెప్పలేదనొద్దు."

నేను దాని పాదం చుట్టూ సిమెంటు పోయించాను. పైనుంచి కింద దాకా గోధుమరంగు పెయింటు రెండు పూతలు వేయించాను. పాత ఇంట్లో ఉన్నట్టే మెరిసింది. అక్క దాన్ని చేత్తో నిమిరి, కుర్చీ తెచ్చుకుని దానికి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి అదే ఆమె చోటు.

పాత ఇంట్లో మా నాయన బతికున్నప్పుడు ఆ స్తంభాన్ని చేతికర్రతో మూడుసార్లు కొట్టేవాడు. ఇంట్లో ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవారు. అప్పుడు మాట్లాడేవాడు.

రెండో వానాకాలం. మధ్యాహ్నం, సన్నటి తుంపర. అన్నం తిని పడుకోబోతుంటే అక్క పెరట్లోంచి పిలిచింది.

"రేయ్, ఈడికి రా. నాయన పలుకుతాండాడు."

వెళ్ళాను. ఆమె వేలి కణుపుతో స్తంభాన్ని మూడుసార్లు తట్టి, చెవి ఆనించింది. ఎండుటాకుల మీద ఇసుక రాలినట్టు లోపల ఏదో సద్దు. ఆగింది. మళ్ళీ వచ్చింది. అది మూడుసార్లేనని చెప్పలేను. కాదనీ చెప్పలేను.

"వాన సద్దు" అన్నాను.

"వాన పైన పడతాంది. ఇది లోపల. నువ్వట్ల కట్టె మాదిరి నిలబడుకుంటే ఏమి ఇనపడుతుంది? వంగాల."

నేను వంగలేదు. వడ్రంగినీ పిలవలేదు. పిలిస్తే అతను నవ్వుతాడు. నునుపుగా, మెరుస్తూ నిలబడ్డ స్తంభానికి ఏమైందని అడగను?

ఆ తరువాత అక్క మధ్యాహ్నం అన్నం అక్కడే తినడం మొదలుపెట్టింది. మొదటి ముద్ద స్తంభం మొదట్లో పెట్టేది. కుందూకు నీళ్ళొచ్చాయనీ, పక్కింటివాళ్ళ గేదె ఈనిందనీ దానికి చెప్పేది. చెప్పి, తట్టి, వినేది. కొన్నిసార్లు విన్నాక నా వైపు చూసి నవ్వేది. ఏం విన్నావని నేను అడగలేదు. ఆమె లోపలికి పోయాక పెరటి తలుపు వేసేటప్పుడు మాత్రం ఆ వైపు చూడకుండా వేసేవాణ్ణి.

ఒక ఉదయం గాలికి జారిన పాదును పైకెత్తి కట్టబోయాను. పట్టుకోసం స్తంభం మీద చెయ్యి వేశాను. నా బొటనవేలు లోపలికి పోయింది. అప్పడం విరిగినట్టు పెయింటు విరిగింది. లోపల కట్టె లేదు. చల్లగా, తడిగా మట్టి. ఆ మట్టి నా వేలి చుట్టూ కదిలింది.

స్తంభానికి అవతలి వైపు అక్క ఆనుకుని కూర్చుని ఉంది. సొరకాయలు ఆమె తలమీద వేలాడుతున్నాయి.

"అక్కా, లే."

"ఎందుకు?"

"లేయమంటాండా!"

జీవితంలో ఆమెతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. లేచింది. ఆమె వీపు ఎడం కాగానే దూలం కిర్రుమని రెండువేళ్ళు కిందికి దిగింది. ఇన్నాళ్ళూ స్తంభం ఆమెను మోసిందో, ఆమె స్తంభాన్ని మోసిందో నాకు తెలియలేదు.

వడ్రంగి వచ్చాడు. నవ్వలేదు. దూలానికి ఊత పెట్టి స్తంభాన్ని దించాడు. కింద మూడడుగులు పెయింటు మాత్రమే నిలబడి ఉంది. లోపలంతా చెదల మట్టి.

"రంగు నీళ్ళను బయటికి పోనీలేదన్నా. సిమెంటు గిన్నె మాదిరి పట్టుకునింది." నేను సద్దు సంగతి చెప్పాను. "తడితే చెదలు తలకాయలు కొట్టుకుంటాయి. ప్రమాదమని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఆ సద్దే అది" అన్నాడు.

అక్కకు అదే చెప్పాను.

"నాయన కూడా దానికే కదరా కొడుతుండేది" అంది.

చెడింది కోసేస్తే పైభాగం గట్టిగానే ఉంది. ఈసారి తగ్గిన ఎత్తుకు సరిపడే రాతి దిమ్మె మీద నిలబెడదామన్నాడు. అయినా కాల్చాలన్నాడు. నిప్పు సిద్ధం చేసి నా వైపు చూశాడు.

"నువ్వే పెట్టన్నా."

కాగడా అందుకున్నాను. ఇంటికి పెద్దకొడుకును నేనే. ఆ పని నా చేతికి కొత్త కాదు. టేకు కాలిన వాసన పెరడంతా నిండింది. అక్క కాసేపు చూసి లోపలికి పోయింది. స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు వినిపించింది. తలారా పోసుకుని, తడి జుట్టుతో వచ్చి నిలబడింది. ఎవరూ చెప్పలేదు.

ఆళ్లగడ్డలో చెక్కించిన దిమ్మె వచ్చాక స్తంభం మళ్ళీ నిలబడింది. కాస్త పొట్టిగా, నల్లటి పాదంతో. అక్క మూడుసార్లు తట్టి చెవి ఆనించింది. చాలాసేపు విన్నది.

"ఈడ లేడు" అంది.

మొదటి సండ్ర స్తంభం దగ్గరికి పోయింది. తట్టింది. "ఈడా లేడు."

రెండోది. తల అడ్డంగా ఊపింది.

మూడోదాన్ని తట్టి, చెవి ఆనించి, నన్ను మాట్లాడవద్దన్నట్టు చెయ్యి పైకెత్తింది. నేను దగ్గరికి వెళ్ళి, చెప్పులు విడిచి, వంగాను.