చెల్లెకు ఆటలమ్మ పోసిన ఏడు

అప్పుడు మేం బెల్లంపల్లిలో ఉండేవాళ్ళం. బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆరేళ్ళ మా చెల్లెకు ఆటలమ్మ పోసింది. జ్వరం దిగకపోతే, బాపు తను ఒళ్ళునొప్పులకు వేసుకునే ఆస్పిరిన్ గోలీలను సగం చేసి మూడు రోజులు ఇచ్చాడు. పొక్కులు ఎండాయి, జ్వరం తగ్గింది. ఇక గండం గడిచిందనుకుంటుండగా ఒకరోజు పొద్దున్నుంచీ ఆగని వాంతులు. మధ్యాహ్నానికి చెల్లె, ఒళ్ళో పెట్టుకున్న కన్నతల్లిని, మా అవ్వనే చూసి, "నువ్వెవలు?" అంది.

దవాఖానలో డాక్టరు ఏం మందులు వాడారని అడిగాడు.

"ఆస్పిరిన్ సార్. నేనే ఇచ్చిన," అన్నాడు బాపు.

"జ్వరమొచ్చిన పిల్లలకు అది ఇయ్యద్దు. ఎక్కడో ఒకరికి మెదడుకు, కాలేయానికి ఎక్కుతది. నువ్వు దాచకుండ చెప్పినవ్, మంచిదైంది."

మూడు రోజులు చెల్లె స్పృహ లేకుండా పడి ఉంది, మేం మంచం పక్కనే ఉన్నాం. నాలుగో రోజు తను కళ్ళు తెరిచి, "అవ్వా, ఆకలైతుంది," అంది. అవ్వ ఏడ్చేసింది.

ఆ తర్వాత, ఇంట్లో ఆటలమ్మ పోసిందనే గుర్తుగా ఏ గుమ్మానికి వేపమండ కనబడినా బాపు ఆగేవాడు. "పోరగాండ్లకు గా ఆస్పిరిన్ గోలి ఇయ్యకుండ్రి. నేనిచ్చి మస్తు పరేషానైన," అని చెప్పాకే ముందుకు కదిలేవాడు.