నువ్వు, మీరు

మా కొండ మీద ఎవరినైనా ‘నువ్వు’ అనే అంటాం. అమ్మనీ, నాన్ననీ, జీపు దిగి వచ్చిన ఆఫీసర్నీ కూడా. మనిషి ఒక్కడైతే నువ్వు, నలుగురైతే మీరు. ఇందులో మర్యాద అనేది ఒకటుందని, ఘాటీ రోడ్డు దిగి కింద కాలేజీలో చేరేదాకా నాకు తెలియదు.

చేరిన రెండో రోజే లెక్చరర్ గారితో, “సార్, నువ్వు బోర్డు మీద రాసింది కనబడ్డం లేదు” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆయనకి కోపమేమీ రాలేదు. “వీళ్లంతే లెండి, కొండవాళ్లు” అని నవ్వి, అక్షరాలు పెద్దవి చేసి రాశారు. ఆ క్లాసులో కొండ నుంచి వెళ్లింది నేనొక్కదాన్నే. ఒక్కరైన ఆయన్ని ‘మీరు’ అనాలట, ఒక్కదాన్నైన నన్ను మాత్రం ‘వీళ్లు’ అనొచ్చట. సిగ్గుకన్నా ముందు నాకు ఆశ్చర్యం కలిగింది, ఇదేం లెక్క అని.

నాకు మొండితనం ఎక్కువ. హాస్టల్లో బట్టలుతుక్కుంటూ ‘మీరు వచ్చారా, మీరు తిన్నారా’ అని బకెట్టుతో మాట్లాడేదాన్ని. ఏడాది తిరిగేసరికి నన్ను చూసి నవ్వేవాళ్లు లేరు.

వేసవి సెలవులకి పాడేరు దాకా బస్సులో, అక్కణ్ణించి జీపులో ఇంటికి వచ్చాను. నన్ను పెంచిన అమ్మమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. “మీరు అంబలి తాగారా అమ్మమ్మా?” అన్నాను. ఆవిడ నా వెనక జీపు వైపు చూసి, ఇంకా ఎవరొచ్చారని అడిగింది. ఎవరూ రాలేదనీ, పెద్దవాళ్లని అలాగే అనాలనీ కాస్త గొప్పగానే చెప్పాను.

అమ్మమ్మ పిక్కలు తీయడం ఆపేసింది. మనవాళ్లు కానివాళ్లనా అలా అంటారని అడిగింది. కాదు, గౌరవం ఉన్నవాళ్లని, అన్నాను. ఆవిడ లేచి లోపలికెళ్లి, ఆఫీసర్లొస్తే వేసే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, కొంగుతో తుడిచి నా ముందు వేసింది.

“కూకోండమ్మా.”

వేళాకోళం అనుకుని ముఖం చూశాను. నవ్వు లేదు. క్లాసంతా నవ్విన రోజు కూడా నాకు అంత బాధ కలగలేదు.

“నన్ను నువ్వనే అనండి అమ్మమ్మా” అన్నాను.

“ముందు నువ్వు నన్నలా అను.”

అందామని నోరు తెరిచాను. ఏడాదిపాటు అంత కష్టపడి మానుకున్న మాట, వెంటనే రాలేదు.