పీర్‌బీ పెట్టిన అర్జీ

తిరువూరు కూరగాయల మార్కెట్టులో గాజులమ్మే పీర్‌బీ పొద్దున్న తాగిన టీ తప్ప, దుకాణం కట్టేసేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. అక్కడ కూర్చునే ఆడవాళ్ళందరిదీ అదే తంతు. మార్కెట్టు వెనక వాళ్ళ కోసమే కట్టిన మరుగుదొడ్డికి, మార్కెట్టును వేలంపాటలో పాడుకున్న కాంట్రాక్టరు తాళం వేసి సిమెంటు బస్తాలు దాచుకున్నాడు.

పెనుగొలను నుంచి ఆకుకూరలు తెచ్చే పుల్లమ్మ ఆ ఎండాకాలం మూత్రం మంటతో, జ్వరంతో గంప పక్కనే కూలబడింది. పీర్‌బీయే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నీళ్ళెందుకు తాగవని డాక్టరమ్మ పుల్లమ్మను కసురుకుంటుంటే పీర్‌బీకి ఒళ్ళు మండిపోయింది. తిట్లు తినాల్సింది ఈమెనా?

అర్జీలు తీసుకునే సోమవారం మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి, మరుగుదొడ్డి తెరిపించమని అర్జీ ఇచ్చొచ్చింది. కొన్నాళ్ళకు ఫోనుకి మెసేజీ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. వెళ్ళి చూస్తే తాళం వేలాడుతూనే ఉంది. కాంట్రాక్టర్ని నిలదీస్తే, ఇలాంటివి బజార్లో మాట్లాడటానికి సిగ్గుండాలన్నాడు. ఇంట్లో భర్త నాగూర్ కూడా మనకెందుకీ గొడవ అన్నాడు. సిగ్గుపడాల్సినవాళ్ళు ఎవరో ఆమెకు తెలుసు.

ఈసారి గాజులు వేయించుకోవడానికి చెయ్యి చాపిన ప్రతి ఆడమనిషి చేతా సంతకమో వేలిముద్రో పెట్టించింది. వినగడప, ఎ.కొండూరు నుంచి వచ్చినవాళ్ళూ కాదనలేదు. మార్కెట్టు ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళి ఆ అర్జీ అధికారి ముందు పెట్టారు.

"ఇది పరిష్కారమైనట్టు రాసుంది కదమ్మా," అన్నాడాయన.

"అయితే మీ ఇంట్లో ఆడవాళ్ళని తీసుకురండి సార్. పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా మా పక్కన కూర్చోమనండి. అప్పుడు రాసుకోండి, పరిష్కారమైందని," అంది పీర్‌బీ.

అధికారి లేచి వాళ్ళతోనే వచ్చాడు. తాళం పగలగొట్టించి, బస్తాలు బయటికి మోయించాడు.

గది శుభ్రం చేసి తెరిచిన రోజు వార్డు నాయకుడొకడు దండలతో వచ్చి, పక్కన నిలబడి ఫోటో దిగమన్నాడు. ఇన్నాళ్ళూ మీరెక్కడున్నారండీ అని అడిగి పీర్‌బీ పక్కకు తప్పుకుంది. మార్కెట్టు కమిటీలో అందరూ మగవాళ్ళే ఎందుకుండాలని మళ్ళీ సంతకాలు మొదలుపెట్టింది. చివరికి ఇద్దరు ఆడవాళ్ళకు చోటివ్వక తప్పలేదు. వాళ్ళలో పుల్లమ్మ ఒకతె.

పీర్‌బీ కోపం మాత్రం చల్లారలేదు. ఒంటికి వెళ్ళడానికి ఇంతమంది సంతకాలు కావాల్సొచ్చాయా అని ఇప్పటికీ కనబడిన నాయకుడినల్లా అడుగుతూనే ఉంది.