ఒక్కపొద్దుకు చాయ్ లెక్క కాదు

మా నాయన తిరుపతయ్యకు మొండితనం గొర్రెల నుంచి వచ్చిందో, గొర్రెలకే ఆయన నుంచి అబ్బిందో నాకు తెలియదు. తుంగతుర్తి దగ్గర మా ఊరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన మంద వెనకే ఉన్నాడు. జ్వరమొచ్చినా దవాఖాన ముఖం చూడడు. శనివారం ఒక్కపొద్దు మాత్రం తప్పడు. ఆ రోజు రాత్రి దాకా మెతుకు ముట్టడు గానీ, చాయ్‌కి అడ్డేమీ లేదు.

2012 ఎండలు ముదిరేవేళ, గుండెల మీద బరువు పెట్టినట్టుందంటూ నడకలో ఆగిపోసాగాడు. సూర్యాపేట డాక్టరు హైదరాబాదులో స్కాన్ చేయించుకోమన్నారు. మోకాళ్లు బాగాలేవు కాబట్టి పరుగెత్తించకుండా, సూదిమందు ఇచ్చి గుండెకు రక్తం ఎలా అందుతోందో చూస్తారట. ముందురోజు నుంచే చాయ్, కాఫీ బంద్ అన్నారు. నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను ఆయనకు. నేను పాఠాలు చెప్పే బడిలో పరీక్షలుండి కదలలేక, అమ్మ నాంచారమ్మను తోడు పంపాను.

రిపోర్టు నార్మల్ అని వచ్చింది. మర్నాడే నాయన మందను తోలుకుని నిడమనూరు వైపు బయలుదేరాడు. అక్కడి రైతులు కోతలైన పొలాల్లో ఎరువు కోసం గొర్రెలను పెట్టించుకుంటారు. నాకు మాత్రం మనసు మనసులో లేదు. మరి ఆ నొప్పి ఎక్కడిది?

ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లి అడిగాను. "స్కాన్ రోజు నాయన ఏం తినలే గదా?"

"ఎందుకు తింటడే? ఒక్కపొద్దున్నట్టే ఉన్నడు. బస్సు ఆగినకాడ జర చాయ్ తాగిండంతే."

"ఓ యమ్మా! చాయ్ తాగొద్దని చెప్పిన్నా లేదా?"

"ఒక్కపొద్దుకు చాయ్ లెక్కేందే?" అని ఎదురు నన్నే కసిరింది.

సూర్యాపేట డాక్టరుకు ఫోన్ చేశాను. చాయ్ తాగితే ఆ సూదిమందు సరిగ్గా పనిచేయకపోవచ్చట, రక్తనాళం ఇరుకైనా స్కాన్‌లో కనబడకపోవచ్చట. "ఆ రిపోర్టు నమ్మొద్దమ్మా. ఆయన్ని నడవనీయకండి, వెంటనే తీసుకురండి" అన్నారు.

నాయన ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. అమ్మను వెంటబెట్టుకుని అప్పటికప్పుడు బయలుదేరాను. కిరాయి జీపులో దారి పొడవునా అమ్మ దేవుళ్లందరికీ మొక్కుతోంది. నేను ఆమెనూ, నాయననూ, ఎవరో తెలియని ఆ చాయ్‌వాడినీ తిట్టుకుంటూ కూర్చున్నాను.

నిడమనూరు దాటాక పొలంలో గొర్రెలు కనబడ్డాయి. నాయన గట్టు మీద ముందుకు వంగి కూర్చున్నాడు. అంగీ చెమటకు తడిసి ముద్దయింది.

"ఏందే, గిట్లొచ్చిన్రు?"

"నొప్పొస్తున్నదా నాయనా?"

"పొద్దటిసంది గట్టిగనే వస్తున్నది. గుండెది గాదు తీ బిడ్డా, రిపోర్టు మంచిగున్నది గద. అందుకే ఎవలకు చెప్పలే."