పెద్దమ్మ నటించిన ఆఖరి సీను

"పక్కింటి అక్క పోయిందే బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కుర్సీల కూసున్నది, ఇగ లేవలేదు," అని పోయిన వారం అమ్మ ఫోన్ చేసింది. వెంటనే అల్వాల్ వెళ్ళాను. కానీ, చుట్టరికం లేకపోయినా నేను పెద్దమ్మా అని పిలిచే ఆమె ముఖం వైపు సూటిగా చూడలేకపోయాను. ఎందుకన్నది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో పెద్దమ్మ మద్రాసులో సినిమా నటి. మొదట హీరోయిన్ స్నేహితురాలు, తర్వాత వదిన, ఆ తర్వాత తల్లి. వేషాలు తగ్గాక, మా పక్కింట్లో ఉండే తన చెల్లెలి కూతురి దగ్గరికి వచ్చేసింది. పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోస్తూ పాత డైలాగులు గొంతెత్తి చెప్పేది. ఒకసారి కూరగాయలామె తననే తిడుతోందనుకుని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నేను టీవీ సీరియల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరినప్పుడు, "కెమెరా మన మీద లేనప్పుడు కూడా ఎదుటివాళ్ళ మాట వినాలమ్మా. సగం నటన అదే," అని చెప్పింది.

శామీర్‌పేట చెరువు దగ్గర బంగళాలో షూటింగ్. నాయనమ్మ వేషానికి నేనే ఆమెను తీసుకెళ్ళాను. ఒక్కటే సీను, మనవరాలిని క్షమాపణ అడగాలి. రెండు పేజీల డైలాగు. ప్రాంప్టింగ్ వద్దని ఒకే టేకులో చెప్పేసింది. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. తిరిగొస్తుంటే, "పదేళ్ళయిందమ్మా ఆ చప్పుడు విని," అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎడిటింగ్‌లో ఎపిసోడ్ పొడవైంది. "ఏది తీసేద్దాం?" అన్నాడు డైరెక్టర్. అందరూ తటపటాయిస్తున్నారు. చురుకైన పిల్లనని అనిపించుకోవాలని నేనే ముందు నోరు తెరిచాను. "నాయనమ్మ సీను, సార్."

ఆ సీను లేకుండా ఎపిసోడ్ ప్రసారమైన సాయంత్రం పెద్దమ్మ శనగ గుగ్గిళ్ళు చేసి గల్లీ అంతటినీ పిలిచింది. నేను పనుందని చెప్పి స్టూడియోలోనే ఉండిపోయాను. కత్తిరించగా మిగిలిన ముక్కలో ఆమె వీపు మాత్రం టీవీలో ఒక క్షణం కనిపించిందట.

మర్నాడు గోడ అవతలి నుంచి అడిగింది. "నేను సరిగ్గా చెయ్యలేదామ్మా?"

"అట్లేం లేదు పెద్దమ్మా. టేపు ఖరాబైంది."

"అయ్యో, ఎంతమంది కష్టమో! నువ్వేం బాధపడకు. మళ్ళీ తీస్తామంటే వస్తానని చెప్పు."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె మళ్ళీ ఎదురుగా నిలబడి నటిస్తుంటే చూసే ధైర్యం నాకు లేదు. ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు.

పెద్దమ్మ పోయిన రోజు దండ వెయ్యడానికి ఫొటో వెతికారు. ఆమె ఒక్కతే ఉన్నది ఒక్కటీ దొరకలేదు. అన్నీ సినిమా స్టిల్సే, అన్నిట్లోనూ హీరోయిన్ పక్కనే. చివరికి ఒకదాన్ని ఫొటో స్టూడియోలో కత్తిరించి ఫ్రేము కట్టించారు.

"ఆ టేపు పాడవకపోతే పెద్దమ్మ ఆఖరి నటనైనా మిగిలేది," అంది ఆమె చెల్లెలి కూతురు. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. అవునన్నట్టు తలూపాను.

ఫ్రేములో పెద్దమ్మ పాతికేళ్ళ పడుచు. నిండుగా నవ్వుతోంది. ఆమె భుజం మీద, మణికట్టు దాకా గాజులతో, ఇంకెవరిదో చెయ్యి.