చేతులు చూసే అత్తగారు

ఆ ఇంటి అత్తగారికి ఒక్కటే పిచ్చి. ఎవరు కనబడినా మొహం చూడకముందే చేతులు చూస్తుంది. గాజులూ వాచీలూ కాదు, ఎక్కడైనా కమిలిందా అని. ఆ తర్వాత పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం వస్తుందా, వస్తే ఎంతసేపు అని అడుగుతుంది. కుశలప్రశ్నలు అక్కడితో సరి.

కోడలు కాపురానికొచ్చిన రోజున కూడా అంతే. ప్రయాణం బాగా జరిగిందా, ఏమైనా తిన్నావా అని అడుగుతుందనుకుంటే, మోచెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి తిప్పింది.

"ఇదేమిటమ్మాయ్?"

"బస్సులో సూట్‌కేసు తగిలిందండీ."

"సూట్‌కేసు ఎడమపక్క పెట్టావా, కుడిపక్క పెట్టావా?"

కోడలికి పోలీసు స్టేషన్లో అడుగుపెట్టినట్టయింది.

కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతను ఒకసారి, ఈవిడ జాతకం చెబుతుందేమోనని ఆశగా అరచెయ్యి చాపాడు. ఆవిడ అరచేతిని వదిలేసి చెయ్యి బోర్లా తిప్పి చూసి, "బాగానే ఉంది, వెళ్ళు" అంది. ఉద్యోగమో పెళ్ళో తేలుతుందనుకున్నవాడు ఉసూరుమంటూ వెళ్ళిపోయాడు. మీటరు చూడ్డం మర్చిపోయాడు.

ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసింది. రిటైరైంది ఉద్యోగం ఒక్కటే, చూపు కాలేదు.

"రక్తం గడ్డకట్టడం గురించి మీకెందుకత్తయ్యా అంత బెంగ?" అని ఒకరోజు వంటింట్లో కోడలు అడిగేసింది.

"పాలు ఊరికే తోడుకుంటాయా? తోడు వెయ్యాలా వద్దా? రక్తానికీ అంతే. తెగినచోట గడ్డకట్టడానికి కావలసిన సరుకు చాలావరకు కాలేయమే తయారుచేసి పంపిస్తుంది. అది పాడైతే సరుకు తగ్గిపోతుంది. నొప్పీ ఉండదు, గోలా ఉండదు. ఎక్కడో చిన్నగా తగులుతుంది, ఇంత మేర కమిలిపోతుంది. మనవాళ్ళేమో మంచం కోడు తగిలిందంటారు."

కోడలు ఊఁ కొట్టి పోపు మాడకుండా చూసుకుంది.

ఇలా ఉండగా వంటింటి అలమర తలుపు ఊడితే వడ్రంగి మేస్త్రీ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన. బుగ్గ వాచి ఉంది. గబగబా తలుపు బిగించి, "ఇక వెళ్తానమ్మా, పన్ను పీకించుకోవాలి. పళ్ళ డాక్టరు పదకొండింటికి రమ్మన్నాడు" అన్నాడు.

అత్తగారి కళ్ళు అప్పటికే అతని చేతిమీద ఉన్నాయి.

"ఆ మచ్చలేమిటి తమ్ముడూ?"

"సుత్తి దెబ్బలమ్మా. మా పనిలో మామూలే."

"సుత్తి చంక దగ్గరికెలా వచ్చింది?"

మేస్త్రీ చెయ్యెత్తి చూసుకున్నాడు. లోపలివైపు నాలుగు వేళ్ళ మేర నల్లగా కమిలి ఉంది. అతనూ అప్పుడే చూసినట్టున్నాడు.

"చిగుళ్ళలోంచి రక్తం వస్తుందా?"

"వస్తుంది. అందరికీ రాదా?"

ఆవిడ వెళ్ళి అతని పనిముట్ల పెట్టె మీద కూర్చుంది. రక్తపరీక్ష చేయించుకుంటేగాని లేవనంది. కోడలికి తల కొట్టేసినట్టయింది. "అత్తయ్యా, ఆయన పన్ను ఆయన ఇష్టం. లేవండి" అని బతిమాలింది. ఆవిడ లేచింది గానీ, పెట్టె చంకన పెట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరింది. వెనకాల మేస్త్రీ, ఆ వెనకాల కోడలు.

పళ్ళ డాక్టరు కుర్రవాడు. "మీరెవరమ్మా, ఈయనకేమవుతారు?" అన్నాడు విసుగ్గా.

"ఏమీ కాను. ఆ చెయ్యెత్తి చూడు బాబూ."

డాక్టరు చూశాడు. చేతిలోని పటకారు పక్కన పెట్టేశాడు.

పరీక్షలో పన్నెండు పదమూడు సెకన్లలో గడ్డకట్టాల్సిన రక్తానికి ఇరవై ఆరు పట్టింది. పెద్దాస్పత్రికి పంపారు. ఎప్పుడో చిన్నప్పుడు సోకిన వైరస్ చడీచప్పుడూ లేకుండా కాలేయాన్ని గట్టిపరిచేసిందని అక్కడ తేలింది. ఆ ఉదయం తొందరపడి పన్ను లాగేసి ఇంటికి పంపి ఉంటే రక్తం ఓ పట్టాన ఆగేది కాదన్నారు. రెండు వారాల తర్వాత, అన్ని జాగ్రత్తలూ తీసుకుని ఆస్పత్రిలోనే పన్ను తీశారు. కాసేపు కారి, ఆగింది.

రక్తం ఆగింది గానీ సందులో నోళ్ళు ఆగలేదు. కాలేయం అనగానే "తాగుతాడు కాబోలు" అన్నారు. అతను చుక్క ముట్టి ఎరగడు. మనిషి సిగ్గుతో చితికిపోయి, జనం లేచేలోగా పనికి పోవడం మొదలుపెట్టాడు. కొత్త మచ్చలు వస్తే వెంటనే రమ్మని డాక్టర్లు చెప్పినా, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని తిరిగేవాడు.

అప్పట్నుంచీ అత్తగారి పిచ్చి మరీ ముదిరింది. రోజూ పొద్దున్నే మెట్లమీద కుర్చీ వేసుకుని సందులో అందర్నీ వరసలో నిలబెట్టడం మొదలుపెట్టింది. పాలవాడూ, పంతులమ్మా, ఎదురింటి తాతగారూ, మధ్యలో ఎక్కడో మేస్త్రీ. జనం నవ్వుకుంటూనే చేతులు చాపేవారు. ఆవిడతో వాదించడం కంటే అదే సుఖం. అందరూ చాపుతుంటే మేస్త్రీ కూడా చొక్కా చెయ్యి పైకి మడిచేవాడు.

కోడలు నెల్లాళ్ళు తల పట్టుకుంది. ఒకరోజు కాఫీ ఇవ్వడానికొచ్చి గమనించింది. పాలవాడి చెయ్యి చూసేటప్పుడు అత్తగారి కళ్ళజోడు నెత్తిమీద ఉంది. పంతులమ్మకీ అంతే. మేస్త్రీ వంతు వచ్చేసరికి ముక్కుమీదికి దిగింది. అతను వెళ్ళగానే మళ్ళీ నెత్తికెక్కింది.

"అత్తయ్యా, జోడు లేకపోతే మీకు గోడ కూడా కనబడదు కదా. మిగతావాళ్ళ చేతులు ఏం చూస్తున్నారు?"

"మెల్లగా మాట్లాడు" అంది అత్తగారు. "వాడొక్కణ్ణే పిలిస్తే వస్తాడా?"



మర్నాడు పొద్దున్న కోడలు, ఆఫీసుకి తయారవుతున్న మొగుణ్ణి, సగం గడ్డం నురగతో ఉండగానే లాక్కొచ్చి వరసలో నిలబెట్టింది. "నాకెందుకే? నాకేమైంది?" అని అతను గింజుకుంటున్నాడు.

ముందు నిలబడ్డ మేస్త్రీ వెనక్కి తిరిగి, జాలిగా పక్కకి జరిగాడు.

"తొందరైతే నా ముందు కానివ్వండి బాబూ. ఏం భయం లేదు, అమ్మగారు ఊరికే చూస్తారంతే."