పాల్మాకుల దాటని నా సైకిలు

వచ్చే నెల నా ఎడమ మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత వీధి చివరి వరకు తొక్కుకోవచ్చు గానీ దూరాలు వద్దని డాక్టరు చెప్పేశారు. అందుకే చివరిసారిగా శంషాబాద్ నుంచి కర్నూలు దాకా రెండు రోజుల్లో తొక్కుదామని, మూడు రోజులు సెలవు పెట్టి, విశాఖపట్నం నుంచి సైకిలును పెట్టెలో సర్దుకుని విమానంలో వచ్చాను. ఎయిర్‌పోర్టు నుంచి లాడ్జికి, పెట్టె పట్టే పెద్ద క్యాబ్‌కి ఆరువందలైంది. సాయంత్రమంతా గదిలో సైకిలు బిగించుకున్నాను.

ఉదయం ఐదున్నరకు బెంగళూరు హైవే ఎక్కాను. ఆరు దాటాక పాల్మాకుల దగ్గర చిన్న గుంత దిగగానే ముందు చక్రం పక్కకు ఒరిగింది. ఎలాగో ఆపి దిగి చూశాను. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కార్బన్‌ది. దాని కాలి కింద, ఇరుసు బిగించే అల్యూమినియం ముక్కను జిగురుతో అతికిస్తారు. ఆ ముక్క వేళ్లతో కదిలిస్తే ఊగుతోంది. నగరంలో సైకిలు షాపులు నడిపే ఇద్దరికి ఫోన్ చేసి నిద్రలేపాను. కొత్త ఫోర్క్ రావడానికి పది రోజులన్నారు.

రోడ్డు పక్కనున్న టీ కొట్టు ఆవిడ యాదయ్య పేరు చెప్పింది. పగిలిన ఫైబర్ ట్యాంకులూ ఆటో బంపర్లూ అతుకుతాడట. తొమ్మిదింటికి షెడ్డు తెరిచిన ఆయన ముక్కను లాగితే చేతిలోకి వచ్చేసింది, లోపలంతా తెల్లటి పొడి. నీళ్లు చేరి అల్యూమినియాన్ని తినేశాయని చెప్పి, పాత జిగురు గీకి, గరుకు కాగితంతో రుద్ది, కొత్త జిగురు కలిపి అతికించాడు. రేపటిదాకా ముట్టుకోవద్దన్నాడు. లాడ్జికి తిరిగొచ్చి, ఆ రాత్రికి జడ్చర్లలో తీసుకున్న గది రద్దు చేసుకున్నాను. ఆ రోజంతా మంచం దిగలేదు.

మర్నాడు యాదయ్య చక్రం బిగించి, బరువంతా హ్యాండిల్ మీద వేసి ఊపాడు. టక్కుమంది.

"మెల్లగా తొక్కుతాను. కనీసం షాద్‌నగర్ దాకా పోనివ్వండి," అని బతిమాలాను.

ఆయన చక్రం విప్పేశాడు. "అక్కా, నేను అతికిన ట్యాంకు పలిగితె నీళ్లు పోతయి. ఇది పలిగితె మీరు పోతరు. నాతోని కాదు."

ట్యాంకుల వెనక్కి వెళ్లి ఏడ్చాను. ఆయన ట్రాలీ ఆటోను పిలిచి సైకిలు ఎక్కించాడు. శంషాబాద్‌కి ఐదువందలు. దారంతా ఎదురుగా కర్నూలు బస్సులే.

ఇంటికొచ్చి వారమైంది. అనుకోని కష్టాలు కూడా ప్రయాణంలో భాగమేనని ఇదే బ్లాగులో ఎన్నోసార్లు రాశాను. ఈసారి అలా రాయడానికి మనసొప్పడం లేదు. చేరలేదు, ఇక చేరను, అంతే.

మీరు బయల్దేరబోతూ ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి, సైకిలును ముందుకూ వెనక్కూ ఊపి, ఫోర్క్ కింద వేలు పెట్టి చూడండి. టక్కుమంటే ఆ రోజే విప్పించండి. విశాఖలో బయల్దేరడానికి పది రోజుల ముందే నాకా చప్పుడు వినిపించింది. బ్రేకుదేలే అనుకున్నాను.